గోడ మీది పాస్‌వర్డ్

"పేరు చెప్పు" అన్నాడు సంగప్ప మూడోసారి.

నాగేశ్వరి పెనం మీది రొట్టె తిప్పింది.

రొట్టెల పీట పక్కన ఒక కాగితం ఉంది. నిన్న సాయంత్రం కంపెనీలో ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ ఆఫీసర్ సూర్యప్రకాశరావు దాన్ని సంగప్ప చేతిలో పెట్టాడు. సంగప్ప నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. రాత్రంతా ఏమీ అనలేదు. పొద్దున ఎనిమిదింబావుకు తీసి పీట పక్కన పెట్టాడు.

అది ఒక పత్రికకు వెళ్లిన మెయిల్. మంగళవారం, శుక్రవారం కంపెనీ వెనక గేటు నుంచి మురికినీళ్ల ట్యాంకర్ ఎన్ని గంటలకు బయటికి వస్తుందో, వాగులో ఎక్కడ పైపు వదులుతుందో అందులో ఉంది. కింద 'ఒక కార్మికుడు' అని ఉంది. పత్రిక వాళ్లు కంపెనీ ఏమంటుందో అడగడానికి దాన్ని ఉన్నదున్నట్టు కంపెనీకే పంపారు.

రాసినవాడి పేరు కాగితంలో లేదు. పైన మెయిల్ ఐడీ ఉంది. ఆ ఐడీ నాగేశ్వరిది.

"నేను రాయలే" అంది.

"నువ్వు రాయలేదని నాకెరుకే. టైపు కొట్టింది నువ్వు. చెప్పిందెవడు?"

"చెప్పినోడు నన్ను నమ్మి చెప్పిండు."

"నమ్మి!" సంగప్ప నవ్వాడు. "పాస్‌వర్డ్ గోడ మీద రాసి పెట్టినవ్. వచ్చినోడు వచ్చినట్టు చదువుతడు. ఇగ దాపరికం ఏందే నీకు?"

నాగేశ్వరి పెనం దించింది. పొయ్యి ఆర్పింది.

గోడ మీద రాసిన మాట నిజమే.

గుమ్మడిదలలో ఆమె ఇంటర్నెట్ సెంటర్ పెట్టి మూడేళ్లయింది. ఇంటి ముందు గదిలో రెండు కంప్యూటర్లు, ఒక స్కానర్, ఒక ప్రింటర్. మొదటి నెలలో వచ్చిన ప్రతివాడికీ ఒక మెయిల్ ఐడీ చేసి ఇచ్చింది. వాళ్లు చీటీ పారేసుకునేవాళ్లు. ఐడీ మర్చిపోయేవాళ్లు. ఇంటర్వ్యూ కాగితం వచ్చి పది రోజులు మెయిల్ పెట్టెలోనే పడి ఉండేది. రెండో నెలలో ఆమె అవన్నీ మానేసింది. ఊరందరికీ ఒకటే ఐడీ. ఉద్యోగాల దరఖాస్తులు, మార్కుల లిస్టులు, దవాఖాన రిపోర్టులు, దుబాయి నుంచి వచ్చే ఉత్తరాలు, అన్నీ అందులోకే. తను వంటింట్లో ఉన్నా వచ్చినవాళ్లు తెరుచుకోవాలని పాస్‌వర్డ్ గోడ మీద స్కెచ్ పెన్నుతో రాసింది. తన పేరు, దాని వెనక ఒకటి రెండు మూడు.

ఉత్తరం వచ్చినప్పుడు ఎవరికి వచ్చిందో ఒక పలక మీద రాసి గుమ్మం పక్కన వేలాడదీసేది. చదువు రానివాళ్లకు అత్త బక్కమ్మ ఇంటికి వెళ్లి చెప్పి వచ్చేది. ఈ పద్ధతి ఊరికి నచ్చింది. పోస్టాఫీసు కంటే నయం అన్నారు.

"అత్తా, నువ్వన్న చెప్పు" అంది నాగేశ్వరి.

బక్కమ్మ దర్వాజ దగ్గర కూర్చుని చేటలో బియ్యం చూస్తోంది. తల ఎత్తలేదు.

"నేనేం చెప్తనే. నా కొడుకు తొమ్మిదేండ్ల సంది బాయిలర్ ముందట నిలబడ్డడు. పర్మనెంటు అయితడు, అయితడు అని నా నెత్తి తెల్లగాయె. నువ్వు ఊరోళ్ల కాయితాలు కడుపుల దాసుకుంటవు. ఇంటోని కాయితం సింపుతవు."

"నేనేం సింపిన?"

"పర్మనెంటు లిస్టు ఇయ్యాల సాయంత్రం సంతకానికి హైదరాబాదు పోతది" అన్నాడు సంగప్ప. "పదకొండు మంది. అందుల నా పేరుంది. నేను షిఫ్టుకు ఎక్కేటప్పుడు సారుకు జవాబు చెప్పాలె. చెప్పకుంటే పదిమందే పోతరు."

"సారు గట్లన్నడా?"

"అనలే. లిస్టు తీసి సూపెట్టిండు. నా పేరు మీద పెన్ను మూత పెట్టిండు. కానరాకుంట."

చేటలో బియ్యం కదిలిన చప్పుడు ఒక్కటే ఉంది.

"రాసింది అబద్ధమైతే చెప్పు. ఇప్పుడే పేరు చెప్త" అంది నాగేశ్వరి.

"నిజమో అబద్ధమో ఎవడడిగిండు?"

"నేనడుగుతున్న. ట్యాంకర్ పోతదా, పోదా?"

సంగప్ప లేచాడు. రొట్టె ముట్టుకోలేదు. కొయ్యకు తగిలించిన చొక్కా తీసి వేసుకున్నాడు.

"యాడికి? షిఫ్టు రెండింటికి గదా?"

మోపెడ్ స్టార్టయిన చప్పుడు వినిపించింది.

*

కరెంటు ఎనిమిదింటికి పోయింది. మళ్లీ వచ్చేది పన్నెండింటికి. ఆ ఎండాకాలం అంతా అదే వేళ. బ్యాటరీ పెట్టె పోయిన ఏడాదే చెడిపోయింది. కంప్యూటర్ తెరవడానికి ఇంకా మూడు గంటలు పైన ఉంది.

ఆమెకు భయం ఆ మెయిల్ గురించి కాదు. రెండో మెయిల్ గురించి.

మొదటి మెయిల్ వెళ్లిన నాలుగు రోజులకు పత్రిక నుంచి జవాబు వచ్చింది. మీరు నిజంగా అక్కడ పనిచేసేవారేనా, ఏదైనా ఆధారం పంపండి, మీ పేరు బయట పెట్టం అని. ఆధారం అంటే ఏం పంపాలని ఆ మెయిల్ రాయించిన చిన్నరాములు అడిగాడు. నీ గేట్ పాస్ పంపు అని చెప్పింది నాగేశ్వరే. స్కానర్ మూత ఎత్తి కార్డు బోర్లా పెట్టింది కూడా ఆమే. ఫోటో, పేరు, నంబరు, కాంట్రాక్టర్ ముద్ర, అన్నీ తెర మీద స్పష్టంగా వచ్చాయి. బాగా వచ్చిందని ఆ రోజు సంతోషపడింది.

పత్రిక వాళ్లు మాట నిలబెట్టుకున్నారు. ఆ రెండో మెయిల్ కంపెనీకి ఇవ్వలేదు. కానీ పంపిన ప్రతి మెయిల్‌కూ పెట్టెలో ఒక కాపీ మిగులుతుంది. అది అక్కడే ఉంది. పాస్‌వర్డ్ తెలిసిన ఎవరైనా తెరవొచ్చు. పాస్‌వర్డ్ గోడ మీద ఉంది.

నాగేశ్వరి తడిగుడ్డ తెచ్చి గోడ తుడిచింది. స్కెచ్ పెన్ను రంగు పాకింది, పోలేదు. కత్తిపీట మొనతో గీకింది. సున్నం పెళ్లలుగా రాలింది.

బక్కమ్మ దర్వాజ దగ్గర నుంచి చూస్తోంది.

"గోడ గోకితే ఊరోళ్ల నోట్లకెళ్లి పోతదానే?"

నాగేశ్వరి చెయ్యి ఆగింది. మళ్లీ గీకింది.

"గా బర్రె సచ్చినంక నేను వాగు దిక్కు పోలే" అంది బక్కమ్మ, ఎవరితోనో అన్నట్టు. "నీళ్లు తాగింది. మూడు దినాలు లేవలే. డాక్టరు రాలే. కంపెనోళ్లు వచ్చిండ్రు, ఎండదెబ్బ అన్నరు. కార్తీకంల ఎండదెబ్బ."

"గది చెప్పు మరి నీ కొడుకుకు."

"చెప్తే? బర్రె తిరిగొస్తదా? నౌకరి తిరిగొస్తదా?"

*

పదిన్నరకు జీపు ఆగింది.

సూర్యప్రకాశరావు రాజమండ్రి వైపు మనిషి. ఇరవై ఏళ్లప్పుడు ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి ఇటు వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. అక్కడ ముందే పదవీ విరమణ తీసుకుని ఇందులో చేరాడు. ఎవరి మీదా గొంతు పెంచాడని కంపెనీలో ఎవరూ చెప్పరు.

"ఏమ్మా, బాగున్నావా? సంగప్ప లేడా ఇంట్లో?"

"లేడు సార్. బయటికి పోయిండు."

"ఫర్వాలేదు. నేను నీతోనే మాట్లాడదామని వచ్చాను."

కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చున్నాడు. బక్కమ్మ మంచినీళ్లు తెచ్చింది. గ్లాసు అందుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు.

"బోరు నీళ్లా?"

"క్యాను నీళ్లే సారూ" అంది బక్కమ్మ. "ఈడ బోరు నీళ్లు ఎవలు తాగుతున్నరు?"

అతను తాగలేదు. గ్లాసు బల్ల మీద పెట్టాడు. గది చుట్టూ చూశాడు. చూపు గోడ మీద ఆగింది. కింద నేల మీద సున్నం పెళ్లలున్నాయి.

"ఇప్పుడే గీకినట్టున్నారు."

నాగేశ్వరి పెళ్లలను కాలితో గోడ వైపు నెట్టింది.

"చూడమ్మా. నీ మీద నాకు కోపం లేదు. ఎవరో వచ్చారు, చెప్పారు, నువ్వు కొట్టావు. నీ వ్యాపారం అది. రాసిన కుర్రాణ్ని కూడా మేం ఏమీ చెయ్యం. పిలిచి మాట్లాడతాం. ఏం ఇబ్బందో కనుక్కుంటాం. అంతే."

"అట్లయితే పేపరోళ్లకే చెప్పొచ్చు గదా సార్, ట్యాంకర్ పోదని."

సూర్యప్రకాశరావు చిన్నగా నవ్వాడు.

"ఉత్తరం పోస్టుమాన్ చదవడు అని నీ ఉద్దేశం. మంచిదే. కానీ పోస్టుమాన్ సంచి వీధిలో బోర్లించి పెట్టడు కదా. కంప్యూటర్లో పెట్టినదేదీ దాగదమ్మా. నీ దగ్గరున్నది మా దగ్గరికీ వస్తుంది. ఒక పూట ఆలస్యంగా. ఈ లోపల నువ్వే చెప్పావనుకో, సంగప్పకి అది పనికొస్తుంది. మాకే దొరికిందనుకో, ఎవరికీ పనికిరాదు."

లేచాడు. గుమ్మం దగ్గర ఆగి పలక చూశాడు. దాని మీద నిన్నటి పేర్లున్నాయి. అంజన్న, ముత్యమ్మ.

"ఇదేమిటి?"

"లెటర్ వచ్చినోళ్ల పేర్లు సార్."

"రోజూ రాస్తావా?"

"వస్తే రాస్త."

"పోయిన నెల ఎవరెవరి పేర్లు రాశావో గుర్తుందా?"

నాగేశ్వరికి గుర్తుంది. పత్రిక జవాబు వచ్చిన రోజు ఆమె పలక మీద 'చిన్నరాములు' అని రాసింది. అందరికీ రాసినట్టే రాసింది. ఆ పేరు ఒకటిన్నర రోజు గుమ్మం పక్కన వేలాడింది. కంపెనీ బస్సు ఆగేది ఆ గుమ్మం ఎదురుగానే.

"గుర్తు లేదు సార్."

అతను బక్కమ్మ వైపు తిరిగాడు.

"ఏం పెద్దమ్మా, ఇంటింటికీ వెళ్లి చెప్పేది నువ్వేనట కదా. మా హెల్పర్లలో ఎవరికైనా ఉత్తరం వచ్చిందా ఈ మధ్య?"

నాగేశ్వరి అత్త వైపు చూడకుండా ఉండటానికి నేల చూసింది. కాంట్రాక్టు హెల్పర్లలో ఆ నెలలో ఉత్తరం వచ్చింది ఒక్కడికే. చిన్నరాములు ఇంటికి వెళ్లి చెప్పింది బక్కమ్మే. వాళ్లింట్లో చాయ తాగి వచ్చింది.

బక్కమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది.

"నాకేం సదువొస్తదా సారూ. కోడలు చెప్తది, నేను పోయి చెప్పొస్త. తోవల నలుగురు కలుస్తరు, ముచ్చట పెడ్త. ఇంటికొచ్చేసరికి ఎవలకు చెప్పిననో నాకే యాదికుండది. మొన్న మా ఆయన తద్దినమే మర్సిన."

సూర్యప్రకాశరావు తల ఊపాడు. జేబులోంచి మొబైల్ తీశాడు. కెమెరా ఉన్న మొబైల్. పలకను ఒక ఫోటో తీశాడు.

"ఎందుకు సార్ ఫోటో?"

"ఊరికేనమ్మా. పద్ధతి బాగుంది." మెట్లు దిగాడు. "సంగప్పని షిఫ్టుకి వచ్చేటప్పుడు నా గదికి రమ్మను. లిస్టు నా టేబుల్ మీదే ఉంటుంది."

జీపు వెళ్లిపోయింది. గ్లాసులో నీళ్లు అట్లాగే ఉన్నాయి. బక్కమ్మ ఆ నీళ్లు తులసి కుండీలో పోసింది.

"అత్తా" అంది నాగేశ్వరి.

"నాతోని మాట్లాడకు. నా కొడుకు నౌకరి పోతే నిన్నే అడుగుత."

*

చిన్నరాములు పదకొండున్నరకు వచ్చాడు. జీపు ఆగిందని విని వచ్చాడు. ముప్పై దాటినవాడు. ఇద్దరు ఆడపిల్లలు. కంపెనీ వెనక వైపు మురికినీళ్ల శుద్ధి దగ్గర ఆరేళ్లుగా హెల్పర్. ఏ ట్యాంక్ ఎప్పుడు ఖాళీ అవుతుందో అతనికి తెలిసినట్టు మేనేజర్లకు తెలియదు.

లోపలికి రాలేదు. కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"వదినా, నా కార్డు గందులనే ఉన్నదా?"

"ఉన్నది. కరెంటు రాంగనే తీసేస్త."

"తీసేస్తే పోతదా? పురాగ పోతదా?"

"పోతది. చెత్తబుట్టల గూడ తీసేస్తే పోతది."

"చెత్తబుట్ట ఏంది మల్ల?"

"తీసేసినయి ఒక దగ్గర పడ్తయి. అది గూడ ఖాళీ జెయ్యాలె. లేకుంటే ఎవలన్న మల్ల తీస్తరు."

చిన్నరాములు కాసేపు ఆలోచించాడు.

"మా ఇంటి చెత్తబుట్టకు గింత ఇజ్జత్ లేదు వదినా" అన్నాడు. నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "సంగప్పన్నకు తెలిసిందా?"

"లేదు."

"నేనే చెప్దామనుకున్న మస్తు సార్లు. బస్సుల పక్కపొంటే కూసుంటం. రోజు అన్నకు తంబాకు నేనే నలిపిస్త. గని పర్మనెంటు ముందట ఉన్నోనికి ఎందుకు పరేషాన్ అని చెప్పలే."

నాగేశ్వరి గోడ గడియారం చూసింది.

పన్నెండుకు ఆరు నిమిషాలు దాటాక ఫ్యాను తిరిగింది. కంప్యూటర్ తెరుచుకునేసరికి ఇంకో నాలుగు నిమిషాలు. ఫోను లైను రెండుసార్లు తెగి మూడోసారి కలిసింది. ఐడీ కొట్టింది. పాస్‌వర్డ్ కొట్టింది.

పాస్‌వర్డ్ తప్పు అని వచ్చింది.

మెల్లగా ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ మళ్లీ కొట్టింది. తప్పు.

"ఏమైంది వదినా?"

"ఎవలో మార్చిండ్రు."

చిన్నరాములు కిటికీ ఊచ పట్టుకున్నాడు.

పాస్‌వర్డ్ మర్చిపోతే ఒక ప్రశ్న అడుగుతుంది. మూడేళ్ల కిందట ఆమె పెట్టుకున్న ప్రశ్న. నీకు మొదట అక్షరాలు నేర్పిన టీచర్ ఎవరు? ఆ ప్రశ్న ఎవరూ మార్చలేదు. ఆమె జవాబు కొట్టింది. కొత్త పాస్‌వర్డ్ పెట్టింది. పెట్టె తెరుచుకుంది.

పంపిన మెయిళ్లలో వెతికింది. పత్రికకు రాసిన మొదటి మెయిల్ లేదు. గేట్ పాస్ పంపిన రెండో మెయిల్ లేదు. వచ్చిన వాటిలో పత్రిక జవాబు లేదు. మిగతావన్నీ ఉన్నాయి. అంజన్న దరఖాస్తు ఉంది. ముత్యమ్మ రక్త పరీక్ష రిపోర్టు ఉంది. ఆ మూడే లేవు.

"కంపెనోళ్లకు చేరిందా?" చిన్నరాములు గొంతు తగ్గింది.

"తెల్వదు."

"సారు గందుకే వచ్చిండా? సూసినంక వచ్చిండా?"

"సూస్తే అత్తను ఎందుకు అడుగుతడు?"

"ఆయనొచ్చి పోయినంక సూస్తే?"

ఆమె మళ్లీ తెర వైపు చూసింది.

చిన్నరాములు ఊచ వదిలాడు. చేతుల తుప్పు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"పోయి అన్నం తింట. బస్సు టైమైతుంది."

"షిఫ్టుకు పోతవా?"

"పోకుంటే నేనే అని చెప్పినట్టు గదా వదినా."

అతను వెళ్లాక నాగేశ్వరి చెత్తబుట్ట తెరిచింది. ఖాళీగా ఉంది. ఎవరో తీసేశారు, తీసేసినవాటిని కూడా తీసేశారు. చిన్నరాములుకు ఈ పూటే చెప్పింది. అంతకుముందు అది నేర్పింది ఒక్కడికే. పోయిన ఏడాది తన కాంట్రాక్టర్ మీద సంగప్ప ఒక అర్జీ రాయించి, పంపించి, భయపడి, దీన్ని లేకుండా చెయ్యడం ఎట్లా అని అడిగాడు. అప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది.

ఆమె కంప్యూటర్ కట్టేసింది. కుర్చీలోంచి లేవలేదు.

*

సంగప్ప పన్నెండున్నర దాటాక వచ్చాడు. కాళ్లు కడుక్కున్నాడు. బక్కమ్మ అన్నం పెట్టింది. రెండు ముద్దలు తినే దాకా నాగేశ్వరి ఆగింది.

"యాడ కూసున్నవ్?"

"బొంతపల్లి కమాన్ కాడి నెట్ సెంటర్ల. ఆడ కరెంటుంది."

"ఎప్పుడు?"

"తొమ్మిదిన్నరకు." ఇంకో ముద్ద తిన్నాడు. "ఎట్ల తెలిసింది?"

"చెత్తబుట్ట ఖాళీగున్నది."

"నువ్వు నేర్పిందే. పాస్‌వర్డ్ గూడ నేనే మార్చిన, ఇంకెవడు సూడకుంట."

బక్కమ్మ గరిటె పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"పేరు కోసం పోయిన" అన్నాడు సంగప్ప. "పేరు దొరకదు, ఏదన్న ఆనవాలు దొరుకుతదనుకున్న. కార్డే దొరికింది. ఫోటోతోని." అన్నం కలిపాడు. తినలేదు. "రోజు నా పక్కన్నే కూసుంటడు. ఒక్క ముక్క చెప్పలే నాకు. నీకు చెప్పిండు. ఇరవై రోజుల సంది నువ్వు నాకు అన్నం పెడ్తున్నవ్. నువ్వు గూడ చెప్పలే."

"చెప్తే ఏం జేస్తుంటివి?"

సంగప్ప చెంబు అందుకుని నీళ్లు తాగాడు.

"పోనీ. తీసేసినవ్ గదా. కంపెనోళ్ల చేతుల ఏం లేదిగ." ఆమె మాట తేలిక పడింది. "నాకెందుకు చెప్పలే పొద్దున్నే? నా పానం పోయింది ఇంతసేపు. చిన్నరాములు ఈడనే నిలబడి సగం సచ్చిండు."

"తీసెయ్యకముందు ఒక ప్రింటు తీసిన."

బక్కమ్మ చేతిలో గరిటె గిన్నెకు తగిలింది.

సంగప్ప ఎడమ చేత్తో చొక్కా జేబు చూపించాడు. కాగితం అంచు కనిపిస్తోంది.

"ఎందుకు?"

"తెల్వది."

"తెల్వకుంట ప్రింటు తీస్తరా? తీసేసుడు ఎందుకు, ప్రింటు ఎందుకు?"

"తీసేస్తే ఆడు బతుకుతడు. ప్రింటుంటే నేను బతుకుత. రెండూ చేసిన."

"రెండూ కుదరయి."

"కుదరయని నాకు గూడ ఎరుకే."

"నాకియ్యి" అంది నాగేశ్వరి. చెయ్యి చాచింది.

"పొద్దున నేను మూడు సార్లు అడిగిన. ఇచ్చినవా?"

"అది నాది గాదు ఇయ్యనీకె. ఆనిది."

"మూడేండ్ల సంది ఊరోళ్ల కాయితాలన్నీ నీ కాడున్నయ్. ఎవనికి ఏ రోగమో, ఎవడు ఏ కంపెనీకి పోదామనుకుంటుండో, ఎవని కొడుకు ఎన్ని సార్లు ఫెయిలైండో, అన్నీ నీకెరుక. ఎందుకు పెట్టుకున్నవ్ అని నిన్ను ఎవడన్న అడిగిండా? నమ్మిండ్రు. నా కాడ ఒక్క కాయితం పొద్దటి సంది ఉంది. అడుగుతున్నవ్."

నాగేశ్వరి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కొడుకా" అంది బక్కమ్మ. "సారు వచ్చి నన్నడిగిండు. నేను చెప్పలే."

సంగప్ప తల్లి వైపు చూశాడు. "నీకు ఎరుకనా?"

"ఎరుకనే. అయినా చెప్పలే. ఎందుకు చెప్పలేదో అడగకు. బర్రె యాదికొచ్చింది, గంతే."

"నాకు గూడ యాదికుందమ్మా బర్రె." అతను చెయ్యి కడిగాడు. "తొమ్మిదేండ్లు గూడ యాదికున్నయి."

లోపలికి వెళ్లి నీలం రంగు కంపెనీ చొక్కా వేసుకుని వచ్చాడు. కాగితం విప్పిన చొక్కాలోంచి తీసి తొడుక్కున్న చొక్కా జేబులో పెట్టాడు. ఆ జేబుకు గుండీ ఉంది. గుండీ పెట్టాడు.

"సారు గదికి రమ్మన్నడు" అంది నాగేశ్వరి. "లిస్టు టేబుల్ మీద ఉంటదట."

"పోత."

"పోయి ఏమంటవ్?"

బయట బస్సు హారన్ కొట్టింది.

సంగప్ప టిఫిన్ డబ్బా తీసుకున్నాడు. గోడ మీద గీకిన చోట ఒక క్షణం నిలబడ్డాడు. వేలితో తడిమాడు. అక్షరాలు లేవు కానీ గీతలు లోతుగా దిగి ఉన్నాయి. వెలుతురు పక్క నుంచి పడితే ఇంకా చదవొచ్చు.

"సున్నం కొట్టియ్యి" అన్నాడు. మెట్లు దిగాడు.

నాగేశ్వరి గుమ్మంలోకి వచ్చింది. బస్సు ఎదురుగానే ఉంది. సంగప్ప ఎక్కి ఎప్పుడూ కూర్చునే సీట్లో కూర్చున్నాడు. కిటికీ పక్కన. బస్సు కదలబోతుండగా చిన్నరాములు సందులోంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. డ్రైవరు తిట్టాడు. అతను ఎక్కాడు. ఎప్పుడూ కూర్చునే చోట, సంగప్ప పక్కన కూర్చున్నాడు.

ఆమె పిలవాలని నోరు తెరిచింది. చిన్నరాములును పిలిచి ఏం చెప్పాలి? భర్తను పేరు పెట్టి పిలవడం ఆమెకు అలవాటు లేదు. పెళ్లయిన పన్నెండేళ్లలో ఆ పేరు ఆమె నోట రాలేదు.

చిన్నరాములు జేబులోంచి పొగాకు పొట్లం తీశాడు. అరచేతిలో వేసి, సున్నం రాసి, బొటనవేలితో నలిపాడు. రెండుసార్లు తట్టాడు. రోజూ లాగే ముందు సంగప్పకు చెయ్యి చాచాడు.

సంగప్ప చెయ్యి లేచింది. పొగాకు వైపు వెళ్లలేదు. జేబు గుండీ మీద ఆగింది.

బస్సు మూల తిరిగింది.